కార్ఖానాలోని లెక్కల ఇంజనీరు

నేను చేయు ఉద్యోగమునకు తెలుగున స్థిరమైన పేరు లేదు. ఇంగ్లీషున దానిని ఆపరేషన్సు రిసెర్చి యందురు. నేను కార్యపరిశోధన యని తెనిగించుకొందును. మా ఊరికి పోయినపుడు పెద్దలు "నీవు కార్ఖానాలో యంత్రములను చేయుదువా, చెడిన యంత్రములను బాగుచేయుదువా, లేక కూలీలపై కావలి కాయుదువా?" యని అడుగుదురు. మూటికిని కాదనియే చెప్పవలసి వచ్చును. "అట్లయిన నీకు జీతమెందుల కిచ్చుచున్నారు?" అనునది తరువాతి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నయే. ఈ ప్రసంగమును దానికి ప్రత్యుత్తరముగా భావింపగోరెదను.

అయ్యలారా, చెరువు క్రింద సేద్యము చేయువారికి నా పని తెలియనిది కాదు. చెరువు సగమే నిండినది. ఆయకట్టు అంతయు నాటినచో చివరి తడికి నీరు చాలదు. ఏ కాలువకు ముందు విడువవలెను, ఏ మడికి ఎన్ని గడియలు పారింపవలెను, ఎంత భూమిని ఈ యేటికి బీడుపెట్టవలెను అని పెద్దలు రచ్చపై కూర్చుండి తేల్చుదురు. భూమి అదియే, నీరు అదియే, ఎద్దులును మనుష్యులును వారే. అయినను వరుసయు పాళ్లును మారినంతనే గాదెలోని పుట్లు మారును. కార్ఖానాలో చెరువునకు బదులు యంత్రపు గంటలు, ఇనుము, కరెంటు, గిడ్డంగి, మనుష్యుల దినములు ఉండును. వానిని ఏ వరుసను, ఏ పాళ్లలో వాడిన మేలో లెక్కగట్టి చెప్పుటయే నా ఉద్యోగము.

ఈ విద్యకు పేరు పెట్టినది యుద్ధము. 1938వ సంవత్సరమున ఇంగ్లండులో సముద్రపుటొడ్డునగల బాడ్సే అను చోట, శత్రువిమానములను దూరమునుండియే పసికట్టు రాడారు యంత్రమును పరీక్షించుచుండిరి. యంత్రము బాగుగనే పనిచేసెను. కాని అది తెలిపిన వార్తను అందుకొని, తమ విమానములను వేళకు పైకి పంపు ఏర్పాటు సరిగా లేకుండెను. అపుడు కొందరు శాస్త్రజ్ఞులు యంత్రమును విడిచి, దానిని వాడు తీరును పరిశోధింపసాగిరి. ఆ పనికే ఈ పేరు వచ్చినది. యుద్ధము ముదిరిన పిదప బ్లాకెట్టు అను భౌతికశాస్త్రజ్ఞుడు ఇట్టివారిని కొందరను చేర్చుకొని సైన్యములకు సలహాలిచ్చెను. ఆయనకు 1948లో నోబెలు బహుమానము లభించినది. స్వతంత్రమైన మన దేశమునకును రక్షణ విషయములలో ఆలోచన చెప్పినవాడు.

వారు చేసిన పనులలో నొకటి చెప్పెదను. నీటిలో మునిగి తిరుగు జర్మను ఓడలపై విమానములనుండి బాంబులు విడుచుచుండిరి. ఆ బాంబులను 100 అడుగుల లోతున పేలునట్లు అమర్చియుండిరి. విమానము కంటబడగనే ఓడ మునుగును గదా, కనుక లోతుననే కొట్టవలెనని తలంపు. విలియమ్సు అను శాస్త్రజ్ఞుడు లెక్క వేసి చూచెను. ఓడ లోతునకు పోయియున్నచో అది ఏ దిక్కునకు పోయినదో వైమానికునకు తెలియదు. బాంబు ఏ లోతున పేలినను తగులుట అరుదు. ఓడ ఇంకను నీటిపైననో, కొంచెము క్రిందనో ఉన్నపుడు గురి కుదురును. కాని అపుడు బాంబు దాని క్రిందుగా దిగిపోయి వ్యర్థముగా పేలుచున్నది. కనుక లోతును తగ్గింపుమనెను. క్రమముగా 25 అడుగులకు తగ్గించిరి. దెబ్బలు తగులుట మిక్కిలి హెచ్చెను. క్రొత్త బాంబును ఎవరును కనిపెట్టలేదు. ఉన్నదాని మరను త్రిప్పిరి, అంతియే.

యుద్ధానంతరమున ఈ విద్య కార్ఖానాలలోనికి దిగెను. మన దేశమున దీనికి మొదటి విభాగము 1949లో హైదరాబాదునందలి ప్రాంతీయ పరిశోధనాలయమున ఏర్పడినదని ఈ శాస్త్రగ్రంథములు చెప్పుచున్నవి. తెలుగువారము దీనిని పరాయి వస్తువుగా చూడనక్కరలేదని చెప్పుటకే ఈ మాట యెత్తితిని. 1957లో ఈ పని చేయువారి అఖిలభారత సంఘమొకటి పుట్టినది.

కార్ఖానా లెక్కకు మూలపురుషుడనదగినవాడు మాత్రము రష్యావాడు. లెనిన్‌గ్రాదు నగరమున కాంటరోవిచ్ అను యువకుడు గణితాచార్యుడుగా నుండెను. 1938లో, అతనికి ఇరువది యారేండ్ల వయస్సున, ప్లైవుడు చేయు కార్ఖానాల వారు అతనియొద్దకు వచ్చి యొక చిక్కు చెప్పిరి. దుంగలను పలుచని పొరలుగా ఒలుచు యంత్రములు ఎనిమిది కలవు. కలప అయిదు రకములు. ఒక్కొక్క యంత్రము ఒక్కొక్క రకమును ఒక్కొక్క వేగమున ఒలుచును. అయిదు రకములును నియమితమైన పాళ్లలో తయారుకావలెను. ఏ యంత్రమునకు ఏ కలపను ఎంతసేపు ఇచ్చిన మొత్తము సరకు ఎక్కువగును? వినుటకు చిన్న ప్రశ్న. కాని కూర్పులన్నిటిని ఒక్కొక్కటిగా పరీక్షింపబూనిన ఆయుర్దాయము చాలదు. కాంటరోవిచ్ దీనికి క్రొత్త మార్గము కనిపెట్టి 1939లో చిన్నపుస్తకముగా అచ్చు వేయించెను. ప్రభుత్వము వెంటనే దానిని ఆదరింపలేదు. ఆ లెక్కలో ప్రతివస్తువునకును ఒక విధమైన ధర తనంతట తేలుచుండెను, అది అచ్చటి సిద్ధాంతమునకు గిట్టలేదు. ఇంగ్లీషులోనికి ఆ పుస్తకము వచ్చుసరికి 1960 అయినది. 1975లో ఆయనకు, కూప్‌మన్సు అను మరియొక పండితునకు కలిపి అర్థశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి.

ఆయన విషయమున చెప్పుకొను కథ యొకటి నాకు మిక్కిలి ఇష్టము. లెనిన్‌గ్రాదులోని రైలుపెట్టెల కార్ఖానాలో ఇనుపరేకులను కత్తిరించుటకు ఆయన లెక్క ననుసరించిరి. ముక్కలు వ్యర్థమగుట తగ్గెను. అయితే ఆ కార్ఖానా ఏటేట ఇంత తుక్కును కరగించుటకు ఇచ్చుకొనవలెనని పైనుండి ఉత్తరువు. రేకు పొదుపైన కొలది తుక్కు తక్కువాయెను, ఉత్తరువు చెల్లలేదు, మెప్పు రావలసిన చోట మందలింపు వచ్చెను. నేను పనిచేసిన ప్రతిచోటను ఇట్టి ఉత్తరువు ఏదో యొకటి గోడపై వ్రేలాడుచునే యుండెను.

అమెరికాలో 1947లో డాంట్జిగ్ అను గణితజ్ఞుడు వేరుగా ఇదే దారికి వచ్చి, కాగితముపై క్రమముగా చేసుకొనిపోదగిన పద్ధతిని కూర్చెను. దానిని పరీక్షించుటకు భోజనపు లెక్కను తీసికొనిరి. మనుష్యునకు కావలసిన తొమ్మిది పోషకాంశములు చాలినంత అందవలెను, 77 ఆహారపదార్థములున్నవి, అన్నిటికంటె చౌకగా ఏవి యెంత తినవలెను? స్టిగ్లరు అను అర్థశాస్త్రజ్ఞుడు అంతకుముందే నేర్పుతో ఊహించి, 1939 నాటి ధరలకు ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు అని చెప్పియుండెను. తొమ్మండుగురు గుమాస్తాలు చేతియంత్రములతో కూర్చుండి, మొత్తము 120 మనుష్యదినములు లెక్కవేసి, 39 డాలర్ల 69 సెంట్లు అని తేల్చిరి. భేదము 24 సెంట్లు! నేటి కంప్యూటరునకు అది ఱెప్పపాటు పని. లక్షల సంఖ్యలో తెలియని రాశులున్న లెక్కలను గూడ మేము ప్రతిదినము వేయుచున్నాము.

ఆ డాంట్జిగే కొన్నేండ్లకు తాను సన్నబడదలచి తన భోజనమును గూడ కంప్యూటరుచే లెక్కవేయించెను. నీరు తీసివేయగా ఎక్కువ బరువుండు పదార్థములను ఎన్నుకొమ్మని యంత్రమున కాజ్ఞ. అది దినమునకు 500 గ్యాలన్ల వెనిగరును త్రాగుమనెను! పట్టికలో వెనిగరునందు నీరే లేదని వ్రాసియుండుటయే కారణము. దానిని కొట్టివేయగా, మరునాడు మాంసపుచారు బిళ్లలను దినమునకు 200 తినుమనెను. ఉప్పునకు మితి యుండవలెనని ఎవరును దానికి చెప్పలేదు. లెక్క తప్పు కాదు. చెప్పనిది దానికి తెలియదు, అంతే. క్రొత్తగా ఉద్యోగమున చేరువారికి నేను ముందుగా ఈ కథనే చెప్పుదును.

ఇక కార్ఖానాలోనికి రండు. రెండు వస్తువులు తయారగుచున్నవి. మొదటిదానిపై 60 రూపాయలు లాభము, రెండవదానిపై 30. ఏది చేయుట మేలు? అరువదియే అందురు. కాని రెండును సానపట్టు యంత్రము మీదుగా పోవలెను. అట్టి యంత్రము ఒక్కటే కలదు. మొదటిది దానిపై 30 నిమిషములు తీసికొనును, రెండవది 10. ఎనిమిది గంటల షిఫ్టులో 480 నిమిషములు. మొదటివి 16 మాత్రమే అగును, లాభము 960. రెండవవి 48 అగును, లాభము 1,440. నీరు కరవైన యేట ఎకరమునకెంత పండునని కాక, తడికెంత పండునని చూచుకొని వరి మాని వేరుసెనగ వేయు రైతు చేయునదియు ఇదే. కార్ఖానాలో ఇట్టి ఇరుకు ఏ యంత్రముకడ నున్నదో కనుగొనుటయే సగము పని. అది ప్రతిమాసమును ఒకే చోట నుండదు.

వరుస యొక్క మహిమను గూర్చి ఒక లెక్క చెప్పెదను. పలక దగ్గర నున్నచో వ్రాసికొనుడు. వడ్రంగి బండిచక్రము చేయును; పిమ్మట కమ్మరి దానికి ఇనుపకట్టు వేయును. మూడు బండ్ల పని వచ్చినది. మొదటి బండికి వడ్రంగికి 5 గంటలు, కమ్మరికి 2. రెండవదానికి వడ్రంగికి 1, కమ్మరికి 6. మూడవదానికి చెరి నాలుగు. మొదటిది, మూడవది, రెండవది అను వరుసను చేసిన కమ్మరి 5 గంటలు ఊరక కూర్చుండును, నడుమ మరి 2 గంటలు కూర్చుండును, పని అంతయు 19 గంటలకు ముగియును. రెండవది, మూడవది, మొదటిది అను వరుసను చేసిన 13 గంటలకే ముగియును. ఎవరును చేయి విసరుగా ఆడింపలేదు. ఒక్క చెమటబొట్టు హెచ్చుగా కారలేదు. ఇంకను తగ్గునా యందురేమో. కమ్మరి పనియే మొత్తము 12 గంటలు. అతని చేతికి మొదటి చక్రము అందుటకు ఒక గంటయైనను పట్టును. కనుక 13కు లోబడుట అసాధ్యము. ఇట్టి పనులలో సూత్రమిది: అన్నిటిలోను చిన్న సంఖ్యను చూడుడు, అది మొదటి పనివానిదైన ఆ బండిని ముందు పెట్టుడు, రెండవ పనివానిదైన చివర పెట్టుడు, మిగిలినవానిలో మరల అట్లే చేయుడు. జాన్సను అను ఆయన 1954లో దీనిని నిరూపించెను. పనివారు ఇద్దరు కాక ముగ్గురైనచో సాధారణముగా ఇంత సులభసూత్రము లేదు. అందుకే మాకు ఇంకను ఉద్యోగము లున్నవి.

అన్నిటికంటె యజమానులకు నచ్చజెప్ప కష్టమైనది నిరీక్షణపు లెక్క. బియ్యపుమర యొద్దకు బండ్లు వచ్చుచున్నవనుకొనుడు. ఒక వేళ అని లేదు. ఒకపుడు వరుసగా నాలుగు వచ్చును, ఒకపుడు గంటసేపు రాకుండును. పని పట్టు కాలమును అట్లే హెచ్చుతగ్గులుగా నుండును. మర తన శక్తిలో సగము వాడుకలో నున్నచో, వచ్చినవాడు సగటున ఒక బండి ఆడుటకు పట్టునంత కాలము వేచియుండును. నూటికి 80 వంతులు వాడుకలో నున్నచో నాలుగింతలు. 90 అయిన తొమ్మిదింతలు. 95 అయిన పందొమ్మిదింతలు! మర ఎన్నడును ఖాళీగా నుండరాదని పట్టుబట్టినచో బండ్ల బారు ఊరిపొలిమేర దాటును. ఈ విద్యను ఆరంభించినవాడు ఎర్లాంగ్; డెన్మార్కులోని కోపెన్‌హేగెను టెలిఫోను కంపెనీలో నుండి 1909లో దీనిపై వ్రాసెను. నూరేండ్లు దాటినను, ఆగిన యంత్రమును చూచి మండిపడు మేనేజరులు నేటికిని కలరు. ఆ కోపము సాధారణముగా యంత్రము ప్రక్కన నిలిచియున్న మనిషిపై పడును. అతడు సోమరియై నిలువలేదు, పై యంత్రమునుండి సరకు రాక నిలిచినాడని లెక్కవలన చూపుట నా పనిలో నాకు తృప్తినిచ్చు భాగము.

మరియొక చిన్న లెక్క సత్రము నడపినవారు వెంటనే ఒప్పుకొందురు. దినమునకు 20 మంది యాత్రికులు వచ్చి, ఒక్కొక్కరు 3 దినములుండినచో, పూటకు 60 విస్తళ్లు వేయవలెను. కార్ఖానాలో దినమునకు 50 వస్తువులు మొదలుపెట్టి, ఒక్కొక్కటి పూర్తియగుటకు 6 దినములు పట్టినచో, నేలపై ఎల్లప్పుడు 300 పడియుండును. వానిలో పెట్టిన పైకమును అట్లే పడియుండును. లిటిల్ అను నతడు 1961లో నిరూపించువరకు ఇంత తేట విషయమునకు పండితులు సరియైన ఉపపత్తి నీయకుండుట వింత.

నా దినచర్యను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉదయము షిఫ్టు మారువేళకు పనిస్థలమున నుందును. రాత్రివారు దిగుచు చెప్పు మాటలు చిట్టాలో ఉండవు. పిమ్మట లెక్కలు. మధ్యాహ్నము సభలు, అందు అమ్మకములవారు అన్ని రకముల సరకును సిద్ధముగా నుంచుమందురు, ఖజానావారు గిడ్డంగిని ఖాళీ చేయుమందురు, ఉత్పత్తివారు ఒకే రకమును నెలంతయు చేయనిండందురు. మువ్వురు చెప్పునదియు నిజమే. లెక్కవేయుటకు పట్టిన కాలమునకు ఇబ్బడి, దానిని ఒప్పించుటకు పట్టును.

రంగులు వేయు విభాగమున వృద్ధుడైన ఫోర్‌మన్ ఒకడుండెను. అతడు తన పనులను నేనెరిగిన ఏ సూత్రమునకును పొసగని వరుసను నడుపుచుండెను. లెక్కకు కూర్చుండకమునుపు మూడు దినము లతని ప్రక్కన నిలిచి కారణ మడిగితిని. లేతరంగు తరువాత ముదురురంగు వేసిన గొట్టములు కడుగుట పదినిమిషముల పని, ముదురు తరువాత లేత వేసిన గంట పని యనెను. అది ఏ కాగితమునను లేదు. అతని వరుసను ఆధారము చేసికొనియే లెక్క కట్టితిని; అతడు తలలో మోయలేనంత ఎక్కువ రంగులు చేరినపుడు మాత్రము కంప్యూటరు అతనికంటె ఒక గంటయో రెండు గంటలో మిగిల్చినది. అతడు దానిని పరీక్షించి చూచి, "నా మాటనే పెద్దగొంతుతో చెప్పుచున్నది" అనెను.

ఇపుడు మీరడుగదలచిన ప్రశ్నకు వచ్చెదను. ఈ లెక్కలవలన మనుష్యుల పొట్ట కొట్టుట జరుగునా? జరుగును. ఏది ఎక్కువ కావలెను, ఏది తక్కువ కావలెను అని లెక్కకు ముందుగా ఎవరో చెప్పవలెను. ఖర్చు తగ్గవలెనన్నచో అది ఖర్చును తగ్గించును. ఆ ఖర్చులో నలుగురి జీతమున్నదని దానికి తెలియదు. ఎవరిని తీసివేయరాదు, ఎవరిచేతను వారమునకు ఇన్ని గంటలకు మించి పనిచేయింపరాదు అని ముందుగా కట్టుబాటు వ్రాసిన, ఆ కట్టుబాటునకు లోబడియే ఉత్తమమార్గమును చూపును. ఆ వాక్యమును వ్రాయుటయా మానుటయా యన్నది గణితము కాదు.

ఒక కార్ఖానావారు తమ కూర్పు విభాగమున ఎందరను తగ్గింపవచ్చునో చెప్పుమని నన్ను పిలిచిరి. పోయి చూచితిని. మనుష్యులు నిలిచియుండు మాట నిజమే. కాని భాగములు పైనుండి ఒకదినము కుప్పగా వచ్చును, మరునాడు రావు. నేను రెండు కాగితములు సిద్ధపరచితిని. మొదటిదానిలో, నలుగురను తీసివేసిన మిగులు జీతమెంత, కుప్పగా వచ్చు దినములలో ఎన్ని ఆర్డర్లు గడువు తప్పును, దాని నష్టమెంత. రెండవదానిలో, ఎవరిని తీయక పై యంత్రమున ఒకే రకము పెద్ద మొత్తములు చేయుట మాని చిన్న మొత్తములు చేసిన ఏమగును. రెండవదియే లాభకరము, స్పష్టముగా వ్రాసితిని. వారు మొదటిదానిలోని మొదటి పంక్తిని మాత్రము చదివి, తాత్కాలికులైన నలుగురను పంపివేసిరి. పండుగల కాలమున గడువులు తప్పెను. రెండవ కాగితమును మరల వారి బల్లపై నుంచితిని. ఈసారి దానిని నడిపించిరి. నలుగురికిని కబురు పంపగా ఇద్దరే వచ్చిరి. తక్కిన ఇరువురు అప్పటికి పొట్టకూటికై వేరు పట్టణములకు పోయియుండిరి. అటుపిమ్మట ఏ కార్ఖానావారు పిలిచినను, ఎందరను తీయవచ్చునన్న ప్రశ్నను ఒంటిగా పుచ్చుకొనుట మానితిని. పని ఏల నిలుచుచున్నదో చూచుటకు ఒప్పుకొన్ననే వత్తునని ముందుగా జాబు వ్రాయుదును. ఇందువలన కొన్ని పనులు పోయినవి.

మీ పిల్లలలో ఎవరికైన ఈ విద్యపై మక్కువ కలిగిన దారి కష్టమైనది కాదు. ఇంజనీరింగు గాని, గణితము గాని, గణాంకశాస్త్రము గాని పట్టము వరకు చదివి, పిమ్మట ఈ శాఖలో పై చదువు చదువవలెను. 1931లో మహలనోబిసు కలకత్తాలో స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థలోను, ఐ.ఐ.టి.లలోను, 1963లో బొంబాయిలో నెలకొల్పి 2023లో ఐ.ఐ.ఎం. ముంబయిగా మార్చిన సంస్థలోను దీనిని నేర్పుచున్నారు. కంప్యూటరు భాష నేర్వవలెను. అది ఆరునెలల పని. మేస్త్రీలతో మాటలాడుట నేర్చుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. పల్లెటూళ్లనుండి వచ్చిన పిల్లలు దానిని తొందరగా పట్టుకొందురని నా అనుభవము. పెద్దల యెదుట నోరు మూసికొని వినుట వారికి ఇంటనే అలవడి యుండును. నాయొద్ద చేరువారిని మొదటి నెల కంప్యూటరు ముందు కూర్చుండనీయను. ఒక గడియారము, ఒక చిట్టా చేతికిచ్చి యంత్రము ప్రక్కన నిలువబెట్టుదును. మూడవ షిఫ్టున గూడ.